నీళ్ళ చద్దరు

మా ఆవిడ పేరు శ్యామసుందరి. పుట్టిల్లు జహీరాబాదు. నాది తెనాలి. పెళ్ళయిన కొత్తలో మా మధ్య మొదటి గొడవ కప్పుకునే గుడ్డ దగ్గర వచ్చింది. "చలేస్తోంది, ఆ దుప్పటి ఇటివ్వు" అన్నాను. "దుప్పటేంది, చద్దరనండి" అంది. తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేశాం. నేను చద్దరు అనలేదు, ఆమె దుప్పటి అనలేదు. సిడ్నీ వచ్చి, క్వేకర్స్ హిల్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ప్రతి జూలై చలికీ ఇదే పంచాయితీ. ఆమె వైపు మాటల్లో సగం నాకు అయోమయమే గానీ, ఈ ఒక్క మాట మాత్రం క్షుణ్ణంగా తెలుసని నా నమ్మకం. నేను మునిగింది సరిగ్గా ఆ మాటలోనే.

శ్యామ ఇక్కడి యూనివర్సిటీలో కట్టడాల చరిత్ర చెప్పేది. మధ్యయుగాల్లో ముస్లిం రాజులు వేయించిన తోటలు, ఒక్కో ప్రాంతంలో వాటిని కట్టిన తీరు, అదీ ఆమె విషయం. స్పెయిన్ నుంచి బీదరు దాకా ఏ తోటలో ఏ కాలువ ఎటు పారిందో ఆమెకు కంఠతా వచ్చు. నేను వాననీళ్ళ పైపులు వేయించే ఇంజనీర్ని. "మేమిద్దరం నీళ్ళ మీద పడి బతుకుతున్నాం" అని పార్టీల్లో జోకు వేసేవాణ్ణి. జనం నవ్వేవాళ్ళు. ఆమె నా పైపుల గురించి అడిగి అడిగి తెలుసుకుంది. ఆమె తోటల గురించి నేను అడిగింది ఒక్కటీ గుర్తు లేదు. మాకు పిల్లల్లేరు.

మూడేళ్ళ కిందట మా కౌన్సిల్ వాళ్ళు రైలు పట్టాల పక్క పార్కులో ఒక తోట వేయాలనుకున్నారు. ఈ చుట్టుపక్కల అన్ని దేశాల వాళ్ళూ ఉన్నారు గదా, అందరూ వచ్చి కూర్చునేదిగా ఉండాలని శ్యామను గీసిమ్మన్నారు. ఆమె నాలుగు మడుల తోట గీసింది. చదరపు నేలను రెండు కాలువలు అడ్డంగా, నిలువుగా కోస్తాయి. నాలుగు భాగాలవుతాయి. నడిచే బాట ఎత్తుగా, పూలమొక్కల మడులు పల్లంగా ఉంటాయి. నడిచేవాడి పాదాల దగ్గరికి పూలు వచ్చి, తివాచీ పరిచినట్టు కనబడాలన్నమాట. అక్కడి నేల ఏటవాలు గనక ఎగువన ఒక హౌజు, దిగువన ఒక హౌజు పెట్టింది. హౌజంటే నీళ్ళ తొట్టి. రెంటి మధ్య వాలు పక్కన, మనుషులు కూర్చోడానికి ఒక బల్ల.

ఆమెకొక అలవాటుండేది. పాఠం ఇంగ్లీషులో చెప్పేది, బొమ్మ మాత్రం తెలుగులో గీసేది. పెన్సిలు పట్టుకుంటే జహీరాబాదు మాటలే వస్తాయట. పదహారు కాగితాలు అలాగే గీసి, పక్కన పేర్లన్నీ తెలుగులో రాసి, ఇంగ్లీషు తర్వాత చేర్చుకోవచ్చులే అనుకుంది. పోయినేడాది మార్చిలో ఒక ఆదివారం పొద్దున, కాఫీ కలుపుతూ కలుపుతూ పడిపోయింది. గుండె ఆగిందన్నారు. పదహారు కాగితాలూ తెలుగులోనే ఉండిపోయాయి.

రెండు నెలల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం సాయిప్రియ మా ఇంటికి వచ్చింది. ఏలూరు పిల్ల. చదువుకని వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని, కౌన్సిల్‌కి డ్రాయింగులు తయారు చేసే కంపెనీలో పనిచేస్తోంది. చంకలో ఆ కాగితాల గొట్టం.

"అంకుల్, ఆంటీ డ్రాయింగ్స్ సూపరసలు. బట్ కొన్ని వర్డ్స్ నాకు ఎక్కట్లేదు. మీరు ఇంగ్లీష్‌లో రాసి, సైన్ పెట్టి ఇచ్చేస్తే నేను మండే సబ్మిట్ చేసేస్తా."

ఇల్లంతా ఖాళీగా ఉన్న రోజులు. ఒక మనిషి వచ్చి, నాతో పని ఉందనడమే పెద్ద పండగ. టీ పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. హౌజంటే ట్యాంకు, మడి అంటే బెడ్, గట్టంటే ఎడ్జ్, చకచకా రాసుకుంటూ పోయాను. తొమ్మిదో కాగితంలో, రెండు హౌజుల మధ్య వాలు మీద ఒక గీత, దాని పక్కన ఒకే ఒక్క మాట రాసి ఉంది. చద్దరు.

"ఇదేంటంకుల్?" అంది సాయిప్రియ.

"ఇది నాకు తెలిసినంతగా ఈ ఆస్ట్రేలియాలో ఇంకెవడికీ తెలీదమ్మా" అని, మా దుప్పటి గొడవ మొత్తం చెప్పాను. పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. శ్యామ పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఆ ఊపులో నా ఇంజనీరు బుర్ర కూడా పనిచేసింది. వాలు నేల మీద మట్టి కొట్టుకుపోకుండా జనపనార పట్టా పరుస్తాం. మా పనివాళ్ళ భాషలో దాన్ని బ్లాంకెట్ అనే అంటారు. ముప్పై ఏళ్ళుగా మైళ్ళకొద్దీ పరిపించాను. 'ఓహో, తోటల మేడం నా పని కూడా నేర్చేసుకుందే' అని మురిసిపోయి, చద్దరు పక్కన పెద్ద అక్షరాలతో బ్లాంకెట్ అని రాశాను.

"మరి పై ట్యాంక్‌లోంచి కింద ట్యాంక్‌కి వాటర్ ఎలా దిగుద్ది అంకుల్?"

"పైపెయ్యండమ్మా. వంద మిల్లీమీటర్లది, బ్లాంకెట్ కింద నుంచి. చుక్క కూడా బయట పడదు."

అన్ని కాగితాల మీదా సంతకం పెట్టాను.

ఈ ఏడాది సెప్టెంబరుకు తోట తయారైంది. చూడ్డానికి రమ్మన్నారు. బాటలు బాగా వచ్చాయి. మడులు ఆమె గీసినట్టే పల్లంగా ఉన్నాయి. గులాబీలు, దానిమ్మలు, పక్కన ఇక్కడి బాటిల్‌బ్రష్‌లు. ఎగువ హౌజు నిండా నీళ్ళు, దిగువ హౌజు నిండా నీళ్ళు. మధ్యలో వాలంతా గోధుమరంగు జనపనార, దాని కన్నాల్లో అక్కడొకటి ఇక్కడొకటి గడ్డి మొలకలు. నీళ్ళు ఎగువన ఒక జాలీలోకి దూరి మాయమవుతున్నాయి, దిగువన ఒక గొట్టంలోంచి వస్తున్నాయి. కొత్తగా వేసిన రోడ్డు పక్క కాలువగట్టు కూడా ఇలాగే ఉంటుంది.

గ్లెన్ అని, కాంట్రాక్టరు తరఫు మేస్త్రీ, యాభై ఏళ్ళ మనిషి. "ఎక్కడా లీకు లేదు" అని నా భుజం తట్టాడు. మా వృత్తిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

సాయిప్రియ మాత్రం కాసేపు నిలబడి, "బాగుంది అంకుల్. కానీ ఎందుకో చాలా సైలెంట్‌గా ఉంది కదా?" అంది.

నాకు చిరాకేసింది. తోటన్నాక సైలెంట్‌గా ఉండక డప్పులు కొడుతుందా అన్నాను.

ప్రారంభోత్సవానికి రాతి పలక మీద చెక్కడానికి శ్యామ మాట ఒకటి కావాలన్నారు. దానికోసం ఆమె గది తలుపు తీశాను. అప్పటిదాకా తీయలేదు. బల్ల మీద ఆమె నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. రెండు రోజులు కూర్చుని తిరగేశాను. మూడో పుస్తకంలో ఒక పేజీ మొదట్లో, అడుగున రెండు గీతలు కొట్టి ఒక మాట రాసి ఉంది: చద్దరు.

కింద వాలుగా నిలబెట్టిన రాతిపలక బొమ్మ. పలక నిండా చేప పొలుసుల్లా గాట్లు. బొమ్మ పక్కన ఆమె రాత:

"నీళ్ళు జారే రాతిపలకను తోటలోళ్ళు చాదర్ అంటరు. మనం చద్దరంటం. నీళ్ళు దీని మీదికెల్లి పల్చగ పరుచుకొని దిగుతయి. గాట్లకు తగిలి తెల్లగ విరుగుతయి, చప్పుడు చేస్తయి. స్పెయిన్‌ల నీళ్ళు వాకిట్ల అద్దం లెక్క నిలబడ్తయి. ఇరాన్‌ల సాపు నేల మీద నడుస్తయి. కాశ్మీర్‌ల కొండ దిగుతయి కాబట్టి ఉరుకుతయి. మా బీదరు దిక్కు బావిలకెల్లి మోటతోని తోడిన నీళ్ళు, ఒక్క చుక్క కూడ వట్టిగ పోవద్దు. కాబట్టి ఇక్కడ కొన్ని నీళ్ళతోనే ఎక్కువ చప్పుడు తియ్యాలె. ఈ తోటకు పానం అంత ఈ పలకనే."

పేజీ చివర ఇంకో రెండు ముక్కలున్నాయి.

"బల్ల కాడికి చప్పుడు ఎంత వినపడాలె? పక్కన ఒక మనిషి కూసోని మాట్లాడుతున్నంత. ఇంట్ల ఎట్లాగు లేదు, ఇక్కడన్న ఉండనీ."

మొదట నా బుర్రకు ఎక్కింది పైపు సంగతే. ఆమె తోటకు ప్రాణమనుకున్న దాన్ని పైపులో పెట్టి, పైన గోనెపట్టా కప్పించి, సంతకం కూడా చేశాను. ఆ తర్వాత చివరి ముక్క మళ్ళీ చదివాను. ఇంట్ల ఎట్లాగు లేదు. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఒకరు ఆమె. రెండోవాణ్ణి నేను.

ఆమె పోయాక నేను ఒంటరివాణ్ణయ్యానని అందరితో చెప్పుకుని తిరుగుతున్నాను. జనం జాలిపడి కూరలు తెచ్చి పెడుతున్నారు. ఆమె మాత్రం నేను పక్కన ఉండగానే ఒంటరిగా ఉంది. పైగా అందులో ఫిర్యాదు కూడా లేదు, బల్ల కొలత రాసినట్టు రాసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

మర్నాడే తోట కమిటీ మీటింగు. కౌన్సిల్ హాల్లో పొడుగు బల్ల, ఒక చివర అధ్యక్షురాలు, తెల్లజుట్టు పెద్దావిడ. గ్లెన్ ఉన్నాడు, ఊరి తరఫున నలుగురు ఉన్నారు, సాయిప్రియ మినిట్స్ రాస్తోంది. నేను నోటు పుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను.

ఊరి తరఫున వచ్చిన ఒకాయన ముందే మొదలుపెట్టాడు. తోటలో నీళ్ళున్నట్టే తెలియడం లేదు, ఇలాంటి తోటల్లో నీళ్ళ చప్పుడు ఉంటుంది గదా, ఏమైంది అని. గ్లెన్ డ్రాయింగు తీసి చూపించాడు. మేం ఉన్నది ఉన్నట్టు కట్టాం అన్నాడు. అది నిజమే. అప్పుడు అధ్యక్షురాలు నిట్టూర్చి, "పాపం ఆవిడ ఈ విషయం మరిచిపోయినట్టున్నారు. పూర్తి చేసే టైం లేకపోయింది గదా" అంది. అందరూ నావైపు దయగా చూశారు.

అక్కడ నేను నోరు తెరవాలి. తెరవలేదు. సంచీ నా ఒళ్ళోనే ఉంది. "మీరు ఆమె భర్త, మీకు తెలీదా?" అని ఎవరో ఒకరు అడుగుతారని భయమేసింది. తెలుగు సంఘం సంతాప సభలో "ఆమె పనిలో నేను సగం" అని మైకులో చెప్పుకున్న మనిషిని. నోరు మూసుకుని కూర్చున్నాను. పైగా, సిగ్గులేకుండా, "థాంక్యూ" అన్నాను.

మినిట్స్‌లో 'డిజైనర్ మరిచిపోయిన అంశం' అని ఎక్కింది. ఈ నెలాఖరు శుక్రవారం తోటను కౌన్సిల్‌కి అప్పగిస్తారు, ఆ తర్వాత మార్పులకు వీల్లేదు, కాబట్టి ఇలాగే వదిలేద్దామని తీర్మానించారు. అంటే మూడు వారాలు. ఆ తర్వాత ఆ రైలు పట్టాల పక్కన శ్యామసుందరి మరుపు శాశ్వతంగా ఉండిపోతుంది. ఆమె జీవితంలో ఏదీ మరిచిపోలేదు. నా బీపీ మాత్రల టైముతో సహా.

ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. ఆదివారం కారు తీసి, హెలెన్స్‌బర్గ్ గుడికి బయల్దేరాను. గంటంబావు దారి. ఇదివరకు ఆ దారంతా శ్యామ పక్క సీట్లో కూర్చుని ఏదో చెబుతూ ఉండేది. ఏం చెప్పేదో గుర్తు తెచ్చుకుందామని హీత్‌కోట్ రోడ్డు పొడుగునా ప్రయత్నించాను. ఆమె గొంతు గుర్తొచ్చింది, చేతులు తిప్పడం గుర్తొచ్చింది. ఒక్క వాక్యం గుర్తు రాలేదు.

గుడి వెనక నీడలో కనకరాజు ఉలితో పనిచేస్తున్నాడు. ఆళ్ళగడ్డ శిల్పి. వారమంతా వంటగది బల్లలకు రాళ్ళు కోసే యార్డులో ఉద్యోగం. ఆదివారం వచ్చి, గుడిలో ఎక్కడైనా రాయి పెచ్చు ఊడితే సరిచేసి పోతాడు. ముఖం ఎరిగిన మనిషే. పక్కన కూర్చుని నోటు పుస్తకం తెరిచి చూపించాను.

చేతులు పంచెకు తుడుచుకుని, పేజీని వెలుగులోకి తిప్పాడు. చాలాసేపు చూశాడు.

"ఈ గాట్లు ఎవురు గీసినారు సార్?"

"మా ఆవిడ."

"రాతిపని చేసే ఆమేనా?"

"కాదు. పాఠాలు చెప్పేది."

"అట్లనా? ఇట్ల సూడండి సార్. పైన గాటు లోతు తక్కువుండాది. కిందికొచ్చే కొద్దీ లోతు పెంచింది. ఎడం గూడా మారస్తా వచ్చింది. నీళ్ళు దిగే కొద్దీ గొంతు పెరుగుతాది. ఆయమ్మ సప్పుడును గీసినాది సార్." మళ్ళీ చూశాడు. "మా యార్డులో నల్ల బ్లూస్టోన్ పలకుండాది. పదినాళ్ళలో చెక్కిస్తా. ఈ చివరి వరస మాత్రం ఆయమ్మని ఒక మాట అడగల్ల."

"ఆమె లేదు కనకరాజూ. పోయింది."

ఉలి కింద పెట్టాడు.

"అయితే మీరే చెప్పల్ల సార్. ఇంతకాలం ఒగ ఇంట్లో ఉన్నారు గదా. మీకు తెలిసే ఉంటాది" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

"నాకు తెలీదు" అన్నాను. "నీకు తోచినట్టు చెయ్యి. కానీ ముందు నేనొక చోట ఒక మాట చెప్పి రావాలి. అది చెబితేనే నీ రాయి అక్కడ నిలబడుతుంది."

ఇంటికి వస్తూనే సాయిప్రియకు ఫోన్ చేసి అంతా చెప్పాను. చద్దరు దగ్గర నుంచి మొదలుపెట్టి, మీటింగులో మూగవాణ్ణయిన దాకా.

"ఓ గాడ్, అంకుల్... ఓకే. ఓకే. మనం ఒక పని చేద్దాం. కరెక్షన్ ఫామ్ ఒకటుంది, హ్యాండోవర్ ముందు వేసేయొచ్చు. 'ట్రాన్స్‌లేషన్ ఇష్యూ' అని జెనరల్‌గా పెట్టేస్తా. మీ నేమ్ అక్కర్లేదు. ఎవరూ అడగరు కూడా."

"పెట్టమ్మా నా పేరు. పోయిన మీటింగులో ఆమె పేరు పెట్టారుగా."

"అంకుల్, మీరు బాధపడతారు..."

"పడనీ."

తర్వాతి బుధవారం మళ్ళీ అదే బల్ల, అవే ముఖాలు. ఈసారి నేను నిలబడ్డాను. మీటింగంతా ఇంగ్లీషులోనే గానీ, ఆ ఒక్క మాట తెలుగులోనే చెప్పాల్సి వచ్చింది. చద్దరు అని పలికి, మా ఇంట్లో దానికున్న అర్థం చెప్పాను. దుప్పటి గొడవ చెబితే అందరూ నవ్వారు. నవ్వు అయ్యేదాకా ఆగి, ఆమె పుస్తకంలో ఉన్న అర్థం చదివాను. పలక బొమ్మ చూపించాను. బ్లాంకెట్ అని రాసిన చెయ్యి ఏదో, పైపు వేయమన్న నోరు ఎవరిదో చెప్పాను. పోయిన మీటింగుకు వచ్చేసరికే ఈ సంగతి నాకు తెలుసుననీ, ఆమె మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాననీ కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది. ఇప్పుడెవరూ నవ్వడం లేదు.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "ఆవిడ ఇన్నేళ్ళు దీని మీదే పనిచేశారు గదా. ఈ పలక గురించి మీకెప్పుడూ చెప్పలేదా?"

నేను భయపడ్డ ప్రశ్న అదే. వచ్చేసింది. జవాబు కూడా నోట్లో సిద్ధంగా ఉంది.

"చెప్పే ఉంటుందండీ. చాలాసార్లే చెప్పి ఉంటుంది. నేనే వినలేదు."

కూర్చున్నాను. బల్ల మీద ఎవరో నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపారు. కాసేపటికి గ్లెన్ గొంతు సవరించుకుని, "ఆ జనపనార ఒక్క పూటలో పీకేస్తాను. పైపుకి మూత వేసేస్తాను. రాయి ఎప్పుడొస్తుందో చెప్పండి చాలు" అన్నాడు. అతని భార్య పేరేమిటో, ఆమె ఏం పనిచేస్తుందో నాకు తెలీదు. ఆ సాయంత్రం తొందరగా ఇంటికి వెళ్ళాడని మాత్రం సాయిప్రియ తర్వాత చెప్పింది.

'డిజైనర్ మరిచిపోయిన అంశం' కొట్టేసి, 'డిజైనర్ మాట సరైనదే, అనువాదం తప్పు' అని రాసి, పక్కన నా పేరు పూర్తిగా వేశారు. మల్లికార్జున రావు. నేను చదివి సంతకం పెట్టాను. ఈసారి చదివే పెట్టాను.

అప్పగించే శుక్రవారానికి ముందు రోజు పొద్దున్నే రాయి వచ్చింది. చిన్న క్రేనుతో దించారు. కనకరాజు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే వాలు చూసుకుని, కింద చెక్క ముక్కలు దూర్చి, మళ్ళీ తీసి, మళ్ళీ దూర్చి, పది గంటలకు సరే అన్నాడు. చివరి వరస గాట్లు తనకు తోచినట్టే చెక్కాడు. నన్ను దాని సంగతి మళ్ళీ అడగలేదు. గ్లెన్ పంపు తిప్పాడు.

ఎగువ హౌజు అంచు దాటి నీళ్ళు పలక మీదికి వచ్చాయి. మొదటి వరసలు తడిసి నల్లబడ్డాయి. ఆ తర్వాత నీళ్ళు విరగడం మొదలైంది. నల్లరాయి మీద తెల్లగా, పలక మొత్తం కప్పేస్తూ దిగాయి. చప్పుడు సన్నగా మొదలై, దిగువకు వచ్చేసరికి పెద్దదైంది. నేను అనుకున్నదానికంటే చాలా పెద్దది. కంచె మీద మాగ్‌పై పిట్ట ఒకటి ఎగిరిపోయింది.

"వావ్" అంది సాయిప్రియ. కొంచెంసేపు ఆగి, "కొద్దిగా లౌడ్‌గా ఉందేమో అంకుల్? పంప్ స్పీడ్ తగ్గించమంటారా?"

నేను వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. ఆమె గీతల్లో ఎక్కడుందో దాన్ని అక్కడే వేశారు. ఎడమ చెవి పక్కన, మూరెడు దూరంలో, ఎవరో కూర్చుని గబగబా ఏదో చెబుతున్నట్టుంది. మాట తెలియదు, గొంతు మాత్రం ఉంది. ఆమె అడిగింది ఇంతా? ఇంత కావలసి వచ్చిందా ఆమెకు?

"తగ్గించొద్దమ్మా" అన్నాను.

స్మోకో, అంటే పనివాళ్ళ టీ టైము, అయిందని గ్లెన్ వాళ్ళు టీ ఫ్లాస్కులు తీసుకుని ట్రక్కు దగ్గరికి పోయారు. కనకరాజును కూడా లాక్కుపోయారు. సాయిప్రియ ఫోన్ చెవికి పెట్టుకుని గేటు వైపు నడిచింది. తోటలో నేనొక్కణ్ణే మిగిలాను.

ఎవరూ లేరు గదా అని నోరు విప్పాను. "శ్యామా, ఆ మాట తప్పు రాసింది నేనే" అన్నాను. నీళ్ళ చప్పుడులో నా మాట నాకే సరిగా వినపడలేదు. గొంతు పెంచాను. మీటింగు సంగతి చెప్పాను, కనకరాజు అన్నది చెప్పాను, ఆమె గదిలో కూర్చుని ఏడ్చిన సంగతి కూడా చెప్పాను. ఇంత పొడుగు మాట ఆమెతో ఎప్పుడూ మాట్లాడి ఉండను. మధ్యలో ఒకచోట ఆగి చూశాను, జవాబు వస్తుందేమో అన్నట్టు.

నీళ్ళు ఆగలేదు. పక్కనున్న మనిషి ఏదో చెబుతున్నాడన్న ధ్యాసే లేకుండా తమ మానాన తాము పోతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె మాట్లాడినప్పుడల్లా ఆమె పక్కన ఉన్నదీ ఇలాంటి మనిషే. అయినా ఆమె చెప్పడం మానలేదు. నేను గొంతు సవరించుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.